మిద్దె మీద కుండీలలో పండ్ల చెట్లు: నల్లగొండ, పాలమూరు ఎండలకు తగిన పద్ధతి

బత్తాయి అంటే నల్లగొండ, సీతాఫలం అంటే పాలమూరు అని చెప్పుకునే ప్రాంతం మనది. మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరు మీదనే ఒక సీతాఫలం రకం ఇతర రాష్ట్రాలలో కూడా సాగవుతున్నది. కొల్లాపూర్ మామిడికి, నకిరేకల్ నిమ్మకు మార్కెట్లలో ప్రత్యేకమైన గుర్తింపు ఉన్నది. అయితే పట్టణంలో 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్న కుటుంబానికి చెట్టు నాటుకోవడానికి నేల మిగలదు, మిగిలేది మిద్దె ఒక్కటే. ఆ మిద్దె మీద పండ్ల చెట్లు పెంచి కాయలు కోసుకోవడం సాధ్యమే కాని, కోస్తా జిల్లాలవారు చెప్పే పద్ధతులను ఉన్నవి ఉన్నట్లుగా ఇక్కడ పాటిస్తే చెట్టు రెండో ఎండాకాలం దాటదు.

చలి దేశాలలో నిమ్మ, నారింజ చెట్లను తొట్లలో పెంచేవారు మంచు కురిసే నెలలలో వాటిని లోపలికి తరలిస్తారు. ఫ్రాన్సులోని వర్సాయ్ రాజభవనంలో 1684, 1686 సంవత్సరాల మధ్య కట్టిన నారింజల శాల ఇందుకోసమే. వాళ్లకు చలికాలం ఎటువంటిదో మనకు ఏప్రిల్, మే నెలలు అటువంటివి. మన దగ్గర కుండీ చెట్టు ఎరువు చాలక చనిపోవడం చాలా అరుదు. కుండీలో వేరు ఉడికిపోవడం వల్లనో, బోరు నీళ్లలోని ఉప్పు మట్టిలో పేరుకోవడం వల్లనో, అడుగున నీళ్లు నిలవడం వల్లనో చనిపోతుంది. కనుక కింద చెప్పిన ప్రతి పనిలోనూ మీరు కొమ్మ కంటే ముందుగా వేరును తలచుకోవాలి.

మా మిద్దె మీద నైరుతి మూలన నల్లని ప్లాస్టిక్ డ్రమ్ములో మూడేళ్లు పెరిగిన బత్తాయి చెట్టు ఒక మే నెలలో పది రోజుల వ్యవధిలో ఎండిపోయింది. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తూనే ఉన్నాము. డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి మట్టిగడ్డను బయటికి లాగి చూస్తే, గోడ నీడ తగిలే ఈశాన్యం వైపు వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఎండ తగిలే వైపు వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, చేతివేళ్ల మధ్య పెట్టి లాగితే పైతొక్క గొట్టంలా ఊడి వచ్చి లోపల సన్నని దారం మాత్రమే మిగిలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక్క కుండీ కూడా నల్లరంగుతో ఎండలో లేదు.

ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి

పని మొదలుపెట్టడానికి మృగశిర కార్తె, అంటే మన వాళ్లు మిరుగం అనే జూన్ రెండో వారం, అన్నిటికంటే మంచి సమయం. తొలకరి పడి గాలి చల్లబడిన తరువాత నాటిన మొక్కకు తొమ్మిది నెలలు వేరు పెంచుకునే వ్యవధి దొరుకుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో పూలతో నిండిన మొక్కలను చూసి ముచ్చటపడి కొని తెచ్చేవారు చాలా మంది ఉంటారు. అలా తెచ్చిన మొక్కను నీడలోనే ఉంచి, సంచి మార్చకుండా జూన్ దాకా కాపాడుకోవడం మేలు.

మిద్దె మీద బరువు గురించి ముందుగానే ఆలోచించాలి. 200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా రెండుగా కోస్తే ఒక్కొక్క సగంలో సుమారు 100 లీటర్ల మట్టి పడుతుంది. అది నీళ్లతో తడిసినప్పుడు సుమారు 150 కిలోల బరువు ఉంటుంది. అటువంటివి నాలుగైదు గది నడిమధ్యన పెట్టరాదు. కింద గోడలు, పిల్లర్లు, దూలాలు ఉన్న చోటనే వరుసగా పెట్టాలి. పాత ఇల్లయితే తాపీ మేస్త్రీని కాకుండా ఇంజనీరును పిలిచి అడగండి. ప్రతి కుండీ కింద మూడు ఇటుకలు పెట్టి గచ్చుకు నాలుగు అంగుళాల ఎత్తున ఉంచితే నీళ్లు ధారాళంగా బయటికి పోతాయి, స్లాబు చెమ్మగిల్లదు, గచ్చు వేడి నేరుగా అడుగు వేళ్లకు తాకదు.

చోటు ఎంచుకునేటప్పుడు ఉదయపు ఎండ పూర్తిగా పడి, మధ్యాహ్నం రెండు గంటల తరువాత మెట్లగది నీడో, నీళ్ల ట్యాంకు నీడో పడే వైపును చూసుకోండి. పండ్ల చెట్టుకు రోజుకు ఆరు గంటల ఎండ చాలు. ఆ ఆరు గంటలు తూర్పు నుంచి వస్తే చెట్టుకు మేలు, పడమర నుంచి వస్తే వేసవిలో చేటు.

కుండీ, మట్టి

కుండీ రంగు తెలుపు గాని, లేత రంగు గాని అయి ఉండాలి. నల్ల డ్రమ్ములే దొరికితే బయటివైపు సున్నమో, తెల్ల పెయింటో రెండు పూతలు వేయండి. మట్టి కుండీలు గోడల నుంచి నీళ్లను ఆవిరి చేస్తూ చల్లగా ఉంటాయి కాని పెద్ద చెట్టుకు సరిపోయే పరిమాణంలో దొరకడం కష్టం, దొరికినా మిద్దెకు ఎక్కించడం కష్టం. సిమెంటు తొట్లు బరువు ఎక్కువ, పైగా కొత్తవి కొంతకాలం సున్నాన్ని మట్టిలోకి వదులుతాయి, అది నిమ్మ జాతికి పడదు. నా అనుభవంలో తెల్ల రంగు వేసిన సగం డ్రమ్ము అన్ని విధాలా నయం. రసాయనాలు నింపిన డ్రమ్మును మాత్రం ఎంత కడిగినా వాడకండి. ఆహార పదార్థాలు వచ్చిన డ్రమ్మునే అడిగి తీసుకోండి.

డ్రమ్ము అడుగున బొటనవేలు దూరేంత రంధ్రాలు ఆరు, పక్కల అడుగు అంచుకు దగ్గరగా మరో నాలుగు చేయాలి. రంధ్రాల మీద పెంకు ముక్కనో, దోమతెర ముక్కనో వేస్తే మట్టి జారదు. అడుగున నాలుగు అంగుళాల కంకర పోస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలా చోట్ల చెబుతారు, కాని జరిగేది దానికి భిన్నం. సన్నని మట్టిలో నుంచి నీళ్లు ముతక కంకరలోకి తేలికగా దిగవు. మట్టి పూర్తిగా నానిన తరువాతనే దిగుతాయి. దానితో చెమ్మ నిలిచే పొర కంకర మీదికి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. కంకర పోసే ఆ నాలుగు అంగుళాలు కూడా మట్టికే ఇవ్వండి.

మట్టి కోసం దూరం పోనక్కరలేదు. మన దగ్గర ఎక్కడ చూసినా ఉండే ఎర్ర చెల్క మట్టి కుండీకి చక్కగా పనికివస్తుంది. నల్లరేగడిని మాత్రం కుండీలోకి రానీయవద్దు. అది తడిసినప్పుడు ఉబ్బి గాలిని ఆపుతుంది, ఎండినప్పుడు కుండీ అంచు నుంచి విడిపోయి పగుళ్లు తీస్తుంది, పోసిన నీళ్లన్నీ ఆ పగుళ్ల గుండా కిందికి పోయి వేరు పొడిగానే మిగిలిపోతుంది. రెండు పాళ్ల చెల్క మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు వరి పొట్టు లేదా ముతక ఇసుక కలపండి. 100 లీటర్ల మిశ్రమానికి ఒక కిలో వేపపిండి చాలు. ఎరువు మాగినదో లేదో చేతితోనే తెలుస్తుంది: గుప్పెట్లోకి తీసుకుంటే వేడి ఉండరాదు, పేడ వాసన రారాదు, తొలకరికి తడిసిన నేల వాసన రావాలి. పచ్చి పేడ వేసిన కుండీలో వేరు పురుగులు చేరి మొక్కను అడుగు నుంచి తినేస్తాయి.

కలిపిన మట్టిని పరీక్షించడానికి ఒక బకెట్టుకు రంధ్రాలు చేసి నింపి, అంచు దాకా నీళ్లు పోయండి. రెండు మూడు నిమిషాలలో నీళ్లు ఇంకి అడుగు నుంచి కారడం మొదలైతే మిశ్రమం కుదిరినట్లే. పావుగంట గడిచినా పైన నీళ్లు నిలిచి ఉంటే పొట్టు గాని, ఇసుక గాని మరికొంత కలపాలి.

ఏ చెట్టు, ఏ అంటు

మొదటిసారి పెంచేవారు కాగజీ నిమ్మతోనో, జామతోనో మొదలుపెట్టడం ఉత్తమం. నిమ్మలో బాలాజీ రకం గజ్జి తెగులును కొంత తట్టుకుంటుంది. జామలో అలహాబాద్ సఫేదా, లక్నో 49 రెండూ కత్తిరింపుకు బాగా స్పందిస్తాయి. దానిమ్మ, అంజీర మన పొడి గాలికి ఇష్టంగా పెరుగుతాయి, కుండీలో ఇరుకును కూడా ఓర్చుకుంటాయి. సీతాఫలం వేసవిలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు కనుక ఎండను తనంతట తానే దాటేస్తుంది. దానికి కావలసిన శ్రద్ధ వేరే ఉన్నది, కింద చెబుతాను. మామిడి కావాలంటే పొట్టిగా పెరిగే ఆమ్రపాలి తీసుకోండి. బేనిషాన్ (బంగినపల్లి) మీద మనకు ఎంత ప్రేమ ఉన్నా అది కుండీ చెట్టు కాదు, పదేళ్లు పెంచినా నాలుగు కాయలకు మించి చూడడం కష్టం. బత్తాయి రుచి కోసం తప్పక పెట్టుకోవలసిన చెట్టే, కాని ఒక నిమ్మను రెండు వేసవులు దాటించిన తరువాత దానికి చేయి పెట్టండి.

విత్తనం మొక్కలు వద్దు. గింజ నుంచి వచ్చిన బత్తాయి కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, అప్పటికి కుండీ దానికి చాలదు. సాత్‌గుడి బత్తాయిని జంబేరి (నిమ్మ జాతి చెట్టే) మీద గాని, రంగపూర్ నిమ్మ మీద గాని అంటుకడతారు. రెండింటిలో రంగపూర్ నిమ్మ వేరు నీటి ఎద్దడిని, సున్నం ఎక్కువైన నేలను మెరుగ్గా ఓర్చుకుంటుంది కనుక మన బోరు నీళ్లకు అదే తగినది. కొనేటప్పుడు ఏ వేరు మీద కట్టారో అడగండి. చెప్పలేని చోట కొనవద్దు. నల్లగొండ జిల్లా కొండమల్లేపల్లిలో ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం ఉన్నది, బత్తాయి గురించి సందేహాలున్నవారు అక్కడి శాస్త్రవేత్తలను అడగవచ్చు.

నర్సరీలో మొక్క ఎత్తు చూసి మోసపోకండి. అంటు అతికిన చోటును చూడండి: అది మట్టికి ఆరు అంగుళాలైనా పైన ఉండాలి, అక్కడ పగులు గాని జిగురు కారడం గాని ఉండరాదు. సంచి అడుగు నుంచి పెన్సిలంత లావు వేరు బయటికి పొడుచుకు వచ్చి ఉంటే ఆ మొక్క సంచిలో మితిమీరి ముదిరిందని అర్థం. ఒకసారి ఒక నర్సరీలో బత్తాయి అని చెప్పి ఇచ్చిన మొక్కకు రెండేళ్లు సేవ చేసిన తరువాత, అంటు ఎప్పుడో ఎండిపోయి, కింది వేరు నుంచి లేచిన ముళ్ల చిగురే చెట్టయిందని మాకు తెలిసింది. అంటు కింద నుంచి ఏ చిగురు వచ్చినా గోటితో గిల్లేయగలిగినంత లేతగా ఉన్నప్పుడే తీసేయండి.

నాటడం

అంటు మొక్కను నేరుగా డ్రమ్ములో పెట్టవద్దు. చిన్న వేరు చుట్టూ పెద్ద మట్టి ఉంటే ఆ మట్టిలోని తడిని పీల్చేవారు లేక పులిసిపోతుంది. మొదటి సంవత్సరం 20 లేదా 25 లీటర్ల కుండీలో, రెండో వానాకాలంలో డ్రమ్ములో పెట్టండి. సంచిని కోసి తీసిన తరువాత మట్టిగడ్డ చుట్టూ తిరిగిన వేళ్లను చేతివేళ్లతోనే విడదీసి, విడిపోని వాటిని పదునైన కత్తెరతో కోసేయాలి. అలా చుట్టుకున్న వేరును వదిలేస్తే అది లావెక్కిన కొద్దీ తన మొదలునే తాను బిగించి చంపుతుంది. సంచిలో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటండి, అంటును ఎన్నడూ మట్టిలో కప్పవద్దు. కుండీ అంచుకు మూడు అంగుళాలు ఖాళీ విడిచి, ఒక కర్ర పాతి, పాత బట్ట పీలికతో వదులుగా కట్టి, నీడలో పది రోజులు ఉంచిన తరువాత ఎండలోకి తేవాలి.

నీళ్లు

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి, ఎందుకంటే మన జిల్లాలలో చెట్టు భవిష్యత్తు నీళ్ల మీదనే ఆధారపడి ఉంటుంది. నల్లగొండ భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఎంతగా వంచిందో ఇక్కడ పుట్టినవారికి చెప్పవలసిన పని లేదు. ఆ బోరు నీళ్లలో చెట్టును పీడించేవి ముఖ్యంగా సున్నం, ఉప్పులు. నేలలో నాటిన చెట్టు విషయంలో వాన ఆ ఉప్పును లోతుకు కడిగేస్తుంది. కుండీలో అది ఎక్కడికీ పోదు, నీళ్లు మాత్రమే ఆవిరవుతాయి. రోజు మార్చి రోజు కొద్ది కొద్దిగా పోస్తూ ఉంటే కొన్ని నెలలకు కుండీ అంచున తెల్లని పొర కడుతుంది, ఆకుల అంచులు మాడుతాయి, లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఆ పసుపును చూసి చాలా మంది మరింత ఎరువు వేస్తారు. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం వల్ల వేరు దానిని తీసుకోలేకపోవడమే ఆ పసుపుకు కారణం.

కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చే ఇంట్లో ఆ నీళ్లనే చెట్లకు వాడండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నిస్సందేహంగా పోయవచ్చు, సబ్బు నీళ్లు పోయరాదు. అన్నిటికంటే మేలైనది వాన నీరు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1000 లీటర్లు అవుతుంది; దానిలో సగం పట్టుకున్నా పది కుండీలకు చాలా రోజులు వస్తుంది. మొదటి వాన దుమ్మును కడిగి పోనిచ్చి, రెండో వాన నుంచి మిద్దె గొట్టం కింద మూత ఉన్న డ్రమ్ము పెట్టి, దోమలు చేరకుండా పలుచని బట్ట కట్టి నిల్వ చేసుకోండి.

బోరు నీళ్లు తప్ప వేరే దారి లేకపోతే నెలకు ఒకసారి ఉప్పును కడగాలి. ఉన్నంతలో మంచి నీళ్లు తీసుకుని 100 లీటర్ల కుండీకి గంట వ్యవధిలో మూడు నాలుగు విడతలుగా 50 లీటర్లు పోసి, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారనివ్వండి. మొదట కారేది టీ రంగులో వస్తుంది, చివరికి తేటపడుతుంది. దీనితో పోషకాలు కూడా కొంత పోతాయి కనుక వారం తరువాత రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేయండి. ఆకు అప్పటికే పసుపు తిరిగి ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేసి, పది రోజులకు మరొకసారి చేయండి. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తే మందు పని చేసినట్లు.

ఎంత నీళ్లు పోయాలో లెక్క కట్టి చెప్పలేము, మీ చేతి వేలే చెప్పాలి. చూపుడు వేలును రెండో కణుపు దాకా మట్టిలో దించితే చివరన చల్లదనం తగిలిన రోజు నీళ్లు అవసరం లేదు. వానాకాలంలో వారం రోజులైనా పోయకుండా గడుస్తుంది, మే నెలలో ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరు తరువాత రెండు సార్లు పోయవలసి వస్తుంది. మధ్యాహ్నం ఆకు వాలిపోయిందని కంగారుపడి నీళ్లు పోయవద్దు. వేడికి ఆకు వాలడం చెట్టు తనను తాను కాపాడుకునే పద్ధతి. సాయంత్రానికి లేచి నిలబడితే దానికి దాహం లేదు. మరునాడు తెల్లవారేసరికి కూడా వాలి ఉంటేనే వేలు పెట్టి చూడండి. మట్టి తడిగా ఉండి ఆకు వాలి ఉంటే వేరు కుళ్లుతున్నదని గ్రహించి నీళ్లు ఆపాలి. ఇంకొక జాగ్రత్త: ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు ఎండలో పడి ఉంటే మొదటి బకెట్టు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా వస్తాయి, వాటిని పక్కన పట్టి చల్లారనివ్వాలి.

వేసవిని దాటించడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో 44, 45 డిగ్రీలు నమోదయ్యే ఆ రోజులలో మిద్దె గచ్చు మీద ఇంకా ఎక్కువ వేడి ఉంటుంది. వేరు దగ్గర 40 డిగ్రీలు దాటితే అది నీటిని పీల్చడం మానేస్తుంది. అందుకని మార్చి చివరి వారంలోపే మూడు పనులు పూర్తి చేయాలి. మొదటిది, 50 శాతం నీడనిచ్చే పచ్చని వలను చెట్ల పైన కనీసం రెండు అడుగుల ఎత్తున, పడమటి వైపు కిందిదాకా వచ్చేటట్లు కట్టాలి. వలను ఆకుల మీదనే పరిస్తే గాలి ఆడక మరింత ఉడుకుతాయి. ఏప్రిల్‌లో వచ్చే గాలిదుమారాలకు వల చిరగకుండా అంచులను నాలుగైదు చోట్ల తాడుతో బిగించండి. రెండవది, మట్టి మీద మూడు అంగుళాల మందాన పల్లి పొట్టు గాని, వరి గడ్డి గాని, ఎండుటాకులు గాని మొదలుకు నాలుగు వేళ్ల దూరం విడిచి పరచాలి. పాలమూరు వైపు పల్లి పొట్టు మిల్లుల దగ్గర సులువుగానే దొరుకుతుంది. మూడవది, కుండీలను ఒకదానికొకటి ఆనించి గుంపుగా చేర్చి, పడమటి వరుసకు తడి గోనె సంచులు చుట్టాలి. ఒకదాని నీడ మరొకదాని గోడను కాపాడుతుంది. నేలలో నాటిన చెట్టుకు లేని సౌకర్యం కుండీ చెట్టుకు ఉన్నది ఇదే.

మార్చి నుంచి మే దాకా ఈ మూడు నెలలలో రసాయన ఎరువు వేయడం, కొమ్మలు కత్తిరించడం, కుండీ మార్చడం మూడూ మానండి. నిమ్మ, బత్తాయి మొదళ్లకు ఎండ తగిలే వైపు బెరడు పగలకుండా బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల పొడి సున్నాన్ని మరో అర లీటరులో విడివిడిగా ప్లాస్టిక్ పాత్రలలో కరిగించి, రెండూ ఒకేసారి మూడో పాత్రలోకి పోస్తూ కలపాలి. శుభ్రమైన ఇనుప కత్తిని నిమిషం పాటు ముంచి తీస్తే దాని మీద ఎర్రని రాగి పూత కనబడితే సున్నం చాలలేదని అర్థం, మరికొంత కలపాలి. ఆ రోజు కలిపినది ఆ రోజే వాడాలి.

మేత, కత్తిరింపు

కుండీ చెట్టుకు ఒకేసారి కడుపు నిండా పెట్టడం కంటే కొద్ది కొద్దిగా పెట్టడం మంచిది. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకు ఒకసారి పై మట్టిని రెండు అంగుళాలు గుల్ల చేసి, రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి వేసి కప్పండి. కాయ పెరిగే రోజులలో పొటాష్ కోసం కొద్దిగా కట్టెల బూడిద వేయాలనుకుంటే దానిమ్మకు, అంజీరకు వేయండి. బూడిద సున్నపు గుణం కలది కనుక నిమ్మ జాతికి వేయవద్దు. నిమ్మ జాతికి కొత్త చిగురు వచ్చినప్పుడల్లా సూక్ష్మపోషకాల మిశ్రమాన్ని పొట్లం మీద చెప్పిన మోతాదులో పిచికారీ చేయడం అవసరం, ముఖ్యంగా జింకు లోపం ఆకు చిన్నబోవడంతో బయటపడుతుంది.

కత్తిరింపు చెట్టును బట్టి మారుతుంది. జామ కొత్త కొమ్మ మీదనే పూస్తుంది కనుక వానలు మొదలైన వెంటనే ప్రతి కొమ్మను మూడో వంతు కోస్తే చలికాలంలో తియ్యని కాయ వస్తుంది. నిమ్మకు, బత్తాయికి ఎండు కొమ్మలు, నిటారుగా ఏపుగా లేచే నీటి కొమ్మలు తప్ప వేరేవి కోయనక్కరలేదు. తోటలలో బత్తాయికి నీళ్లు ఆపి వాడబెట్టి పూత తెప్పిస్తారు, కుండీలో ఆ పని ప్రమాదకరం. డిసెంబరులో నీళ్లను సగానికి తగ్గించి, ఆకు కొద్దిగా మెత్తబడగానే మళ్లీ పెంచడం వరకు చాలు. మొదటి ఏడాది వచ్చిన పిందెలను మనసు రాయి చేసుకుని తీసేయాలి. రెండో ఏడాది పదికి మించి ఉంచవద్దు.

సీతాఫలానికి చేతితో పరాగం

మిద్దె మీద సీతాఫలం విరగపూసి ఒక్క కాయ కూడా నిలవదని చాలా మంది వాపోతారు. దానికి కారణం ఆ పువ్వు తీరులోనే ఉన్నది. పువ్వు ముందు ఆడదిగా ఉండి, తరువాత మగదిగా మారుతుంది. రెండూ ఒకే వేళలో కలిసి రావు. పొలాల గట్ల మీద చిన్న చిన్న పురుగులు ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు చేరవేస్తాయి, మిద్దె మీదికి అవి పెద్దగా రావు. ఆ పని మీరే చేయాలి.

పువ్వుకు మూడు దళసరి రెక్కలుంటాయి. సాయంత్రం పూర్తిగా విచ్చుకున్న పువ్వును అరచేతిలో తట్టితే గోధుమ రంగు పొడి రాలుతుంది. అదే మగ దశ. ఆ పొడిని చిన్న స్టీలు గిన్నెలో దులిపి, తడి తగలకుండా ఇంట్లో చల్లని చోట పెట్టండి. మరునాడు తెల్లవారగానే రెక్కలు కొన మాత్రమే విడి, లోపల చిన్న సందు కనిపించే పువ్వులను వెతకండి. అవి ఆడ దశలో ఉన్నవి, లోపలి గుబ్బ తడిగా మెరుస్తూ ఉంటుంది. రెక్కను గోటితో మెల్లగా పక్కకు జరిపి, పిల్లలు రంగులు వేసే సన్నని కుంచెతో పొడిని అద్ది గుబ్బ చుట్టూ అన్ని వైపులా తిప్పండి. ఒక పక్కనే అద్దితే కాయ ఒక పక్కనే ఊరి వంకరగా వస్తుంది. గాలిలో తేమ ఉన్న జూన్, జూలై ఉదయాలలో చేసిన పరాగమే ఎక్కువగా నిలుస్తుంది. వడగాలి వీచే రోజుల్లో శ్రమ వృథా అవుతుంది. పది పువ్వులకు అద్ది, ప్రతిదానికి ఒక దారం కట్టి చూస్తే మీ చేయి ఎంత కుదిరిందో రెండు వారాలలో తెలిసిపోతుంది.

పురుగులు, తెగుళ్లు

రోజూ పొద్దున్నే చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఆకును తిప్పి చూడడమే సగం మందు. నిమ్మ లేత ఆకు మీద పక్షి రెట్ట లాంటిది కనిపిస్తే దానిని పుల్లతో కదిపి చూడండి. తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు చాచి ఘాటైన వాసన వదిలితే అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. నాలుగు గొంగళ్లు ఒక చిన్న చెట్టును రెండు రోజులలో మోడు చేస్తాయి. ఏరివేయడమే దానికి విరుగుడు. లేత ఆకులలో వెండి గీతలు గీసే పురుగుకు, జామకు పట్టే పిండినల్లికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లండి. పిండినల్లి ఉన్న చోట చీమలు తిరుగుతుంటాయి, చీమలను ఆపకపోతే పిండినల్లి తిరిగి వస్తూనే ఉంటుంది. దానిమ్మ కాయ పగలడం తెగులు కాదు, ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు పోయడం వల్ల జరిగేది.

కోతుల బెడద ఉన్న వీధులలో కాయలకు సంచులు కట్టినా ఆగవు, చెట్లను మొత్తంగా ఇనుప జాలీలో ఉంచడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. ఉడుతలకు, పండు ఈగకు మాత్రం పాత పంచె గుడ్డ సంచులు చాలు.

రెండేళ్లకు ఒకసారి వేరు కోత

చెట్టుకు నీళ్లు పోసిన గంటకే కుండీ ఎండినట్లు కనిపించడం, కొత్త ఆకు చిన్నదిగా రావడం మొదలైతే లోపల మట్టి కంటే వేళ్లే ఎక్కువయ్యాయని తెలుసుకోండి. జూన్ చివరిలో, ముసురు పట్టిన రోజు చూసి ఇద్దరు మనుషుల సాయంతో డ్రమ్మును పడుకోబెట్టి గడ్డను బయటికి తీయండి. చుట్టూ రెండు అంగుళాలు, అడుగున మూడు అంగుళాల మందం వేరును పదునైన రంపపు కత్తితో చెక్కేసి, అదే మోతాదులో పైన కొమ్మలను తగ్గించి, కొత్త మట్టి నింపి పెట్టాలి. వర్సాయ్ తొట్లకు పక్క పలకలు విప్పే వీలు కల్పించింది ఈ పని కోసమే. మనం డ్రమ్ము పక్కకు నిలువునా ఒక కోత కోసి, రెండు చోట్ల ఇనుప పట్టీతో బిగించుకుంటే అదే సౌలభ్యం దొరుకుతుంది. చెక్కిన చెట్టును రెండు వారాలు నీడలో ఉంచి, కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వేయవద్దు.

కోత

నిమ్మ తొక్క నునుపు దేరి లేత పసుపు తిరగగానే, జామ ముదురు ఆకుపచ్చ నుంచి లేత రంగుకు మారగానే కోయాలి. బత్తాయి కోశాక మాగదు కనుక పూర్తిగా తయారైన తరువాతనే, లాగకుండా తొడిమతో సహా కత్తెరతో కోయండి. ముందుగా ఒక కాయను రుచి చూసి మిగిలినవి కోసుకోవచ్చు. సీతాఫలం కళ్లు విచ్చుకుని, కళ్ల మధ్య గీతలు తెల్లగా తేలినప్పుడు కోసి బియ్యపు డబ్బాలో గాని, గడ్డిలో గాని మూడు రోజులు ఉంచి, తొడిమ దగ్గర వేలితో నొక్కితే దిగేటప్పుడు తీసి తినాలి.